భీమిలి దారిలో మా ఒడ్డుకు పర్యాటకం వస్తోంది: ఒప్పుకునే ముందు ఏ షరతులు రాయించుకోవాలి?

తీరవాసి:

నమస్కారం. మాది విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే బీచ్ రోడ్డు పక్కనున్న ఒక జాలరి పల్లె. విషయం ఇంకా మాటల దశలోనే ఉంది కనుక ఊరి పేరు రాయడం లేదు. సుమారు మూడు వందల గడపల ఊరు. మా నాన్నగారి తరం తెప్పల మీద వేటకు వెళ్లింది, ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చాయి, కొన్ని కుటుంబాలు మాత్రం ఇప్పటికీ ఒడ్డున నిలబడి పెద్దవల లాగుతాయి. నేను బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. వేట రాదు. కాగితం రాయవలసి వచ్చినప్పుడల్లా పెద్దలు నన్నే పిలుస్తారు, ఈసారీ అలాగే పిలిచారు.

గత నెలలో ఒక ప్రైవేటు సంస్థ వారు వచ్చి, మా ఒడ్డున అర కిలోమీటరు మేర గుడారాలు, తినుబండారాల దుకాణాలు, నీటి ఆటల బోట్లు, రాత్రిపూట సంగీతానికి ఒక వేదిక పెడతామని, ఊరి యువకులకు నలభై ఉద్యోగాలు ఇస్తామని చెప్పి వెళ్లారు. పెద్దలు కాదనలేదు. కాదనమని నేనూ చెప్పలేకపోయాను, ఎందుకంటే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధంలో మా ఊరి మగవాళ్లలో సగం మంది నగరంలో కూలి పనులు వెతుక్కుంటారు, సరిగ్గా ఆ రోజుల్లోనే వేసవి సెలవులకు జనం సముద్రం చూడటానికి వస్తారు.

నాకున్న బెంగ తాబేళ్ల గురించి. చిన్నప్పుడు సంక్రాంతి దాటాక తెల్లవారుజామున ఒడ్డుకు వెళితే, నీటి నుంచి పైకి ఇసుక మీద చిన్న ట్రాక్టరు నడిచినట్టు చారలు కనిపించేవి. వలలో తాబేలు పడితే మా అమ్మమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టించి తిరిగి నీళ్లలో వదిలించేది. శ్రీకూర్మం వెళ్లివచ్చిన మనిషి, కూర్మనాథుణ్ణి ఎలా కోసుకు తింటారని అడిగేది. ఆ చారలు ఇప్పుడు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. జనవరి నుంచి మార్చి వరకు వేదిక మూసి ఉంచి, ఏప్రిల్ నుంచి తెరుచుకోమంటే సరిపోతుందా అని నా ఆలోచన.

రెండో సందేహం. మీ ఒడ్డును రుషికొండలా చేస్తామని సంస్థ వారు పదేపదే అంటున్నారు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ బీచ్ గుర్తింపు వచ్చిందని అందరికీ తెలిసిందే. ఆ గుర్తింపు ఉంటే సముద్రంలోని జీవాలకు కూడా భద్రత ఉన్నట్టేనా? కొండ మీది భవనాల రాజకీయాన్ని దయచేసి ఇందులోకి తీసుకురావద్దని మనవి.

గూళ్ల కాపరి:

తీరవాసి గారూ, విశాఖ ఒడ్డున తాబేలు గుడ్ల సంరక్షణ పనిలో కొన్నేళ్లుగా రాత్రులు గడుపుతున్నవాడిని. మీ ఆలోచనలో ఒక పొరపాటు ఉంది, ముందు దాన్ని సరిచేయాలి. జనవరి నుంచి మార్చి వరకు అనేది తల్లి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఆ గుడ్లు పొదగడానికి ఇసుక వేడిని బట్టి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే మార్చి నెలాఖరున పెట్టిన గుడ్ల నుంచి పిల్లలు మే నెలలో బయటికి వస్తాయి. మీరు వేదిక తెరవమంటున్న వేసవి సెలవులలోనే, అరచేతిలో సగం కూడా ఉండని ఆ పిల్లలు చీకట్లో ఇసుక తవ్వుకుని పైకి వచ్చి సముద్రం ఎటు ఉందో వెతుక్కుంటాయి.

వాటికి దారి చూపేది వెలుతురు. మనుషుల దీపాలు లేని ఒడ్డున రాత్రిపూట నేల వైపు చెట్ల నీడతో నల్లగా ఉంటుంది, సముద్రం వైపు ఆకాశపు అంచు కాస్త తేటగా కనిపిస్తుంది. పిల్లలు ఆ తేటదనం వైపు నడుస్తాయి. మన బీచ్ రోడ్డు మీద దీపాలు వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. వెనక్కి తిరిగి రోడ్డు ఎక్కిన పిల్లలను తెల్లవారే లోపు ఏరుకోవడం మా పనిలో ఒక భాగం. ఏరగలిగినవి కొన్నే. మిగతావి కుక్కలకో కాకులకో దొరుకుతాయి, లేదా ఎండకు ఎండిపోతాయి.

అందువల్ల నా సలహా ఏమిటంటే, షరతులను గజాలలో కాక గంటలలో రాయించండి. సంస్థ వారు మీకు ఒక పటం చూపించి, ఈ గీతకు అవతల మేము, ఇవతల తాబేళ్లు అంటారు. ముప్పై, నలభై కిలోల బరువుతో తల్లి తాబేలు రాత్రి పొద్దుపోయాక ఒడ్డెక్కి, మూరెడు లోతు గుంట తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పి, తిరిగి నీళ్లలోకి వెళ్లడానికి గంట కూడా తీసుకోదు. కానీ ఆ గంటకు ముందు ఇసుక మీద టార్చి వెలిగినా, మనుషులు కదిలినా, అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. పగటిపూట అదే ఇసుక మీద మీ పిల్లలు క్రికెట్ ఆడితే దానికి పట్టదు. డిసెంబరు నెలాఖరు నుంచి మే నెలాఖరు వరకు సాయంత్రం ఏడు తర్వాత ఒడ్డున వేదిక ఉండకూడదు, సముద్రం వైపు తిరిగిన దీపం ఒక్కటీ వెలగకూడదు. ఇది ఒక్కటి సాధిస్తే మిగతా షరతులలో కొన్ని వదులుకున్నా ఫరవాలేదని నేననుకుంటాను.

వాళ్లు తప్పకుండా చెప్పే మాట ఇంకొకటి ఉంది: గుడ్లన్నీ తీసి కంచె వేసిన సంరక్షణ కేంద్రంలో పెడితే సరిపోతుంది కదా అని. మేము ఆ పని చేసేది గతిలేక. గుడ్లు పెట్టిన కొద్ది గంటల లోపే, పైకి ఉన్న వైపు కిందికి తిరగకుండా మార్చాలి, ఆలస్యమైతే లోపలి పిండం చచ్చిపోతుంది. పైగా పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలే పుడతాయి. అన్ని గూళ్లనూ ఒకే చోట, ఒకే ఎండలో పూడ్చడం సహజమైన ఒడ్డుకు సమానం కాదు. కాబట్టి కేంద్రం ఉంది కదా అని దీపాలు వెలిగించుకోవడం కుదరదు.

ఆ నలభై ఉద్యోగాలలో నాలుగైదు రాత్రి కాపలాకు రాయించండి. అటవీ శాఖ వారితో కలిసి మీ కుర్రాళ్లే చేయాలి, ఎందుకంటే మన ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉంది, అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకోవడం కూడా నేరమే. అతిథులు నిద్ర లేచి ఫొటోలు తీసుకునే దాకా పిల్లలను తొట్టెలో ఉంచి వదిలే వేడుకలకు మాత్రం ఒప్పుకోవద్దు. ఈత కోసం దాచుకున్న శక్తి అంతా ఆ తొట్టెలోనే ఖర్చయిపోతుంది.

బ్లూ ఫ్లాగ్ సంగతి. డెన్మార్క్‌లోని ఒక సంస్థ 33 కొలమానాలతో ఇచ్చే గుర్తింపు అది. నీటి శుభ్రత, స్నానానికి వచ్చేవారి భద్రత, సమాచార ఫలకాలు, చెత్త నిర్వహణ వంటివి అందులో ప్రధానం. మంచిదే. రుషికొండ నీళ్లలో ధైర్యంగా మునగవచ్చని ఆ జెండా చెబుతుంది. ఆ ఒడ్డున తాబేలు గుడ్లు పెట్టగలదా అన్న ప్రశ్నకు మాత్రం అక్కడ జవాబు వెతకకండి.

ఇసుక లెక్క:

ఓడరేవుల ఇంజనీరింగులో పనిచేసి విరమించినవాడిని. పైన రాసినవారు కాలం గురించి చెప్పినది నిజమే కానీ గజాలను అంత తేలికగా వదిలేయడం నాకు సమ్మతం కాదు. తాబేలు గుడ్లు పెట్టాలంటే ముందు ఇసుక ఉండాలి కదా.

మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి, ఈశాన్య రుతుపవనాలలో కొంత వెనక్కి దక్షిణానికి తెస్తాయి. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. 1970లలో విశాఖ బయటి నౌకాశ్రయానికి కట్టిన గోడలు ఆ నడకను మధ్యలో ఆపాయి. దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. అందుకే పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి బీచ్ ముందు పోయవలసి వస్తోంది. అక్కడ కుటుంబాలు కూర్చుని మొక్కజొన్న పొత్తులు తినే ఇసుకలో కొంత మనం తెచ్చి పోసినదే అని చాలామందికి తెలియదు.

మీ ఊరు ఆ ఇసుక నడిచే దారిలో ఇంకా ఉత్తరాన ఉంది. మీకు వచ్చే ఇసుక ఇప్పటికే తగ్గి ఉంటుంది. ఒడ్డు వెనుక ఇసుక దిబ్బలు, వాటి మీద మొగలి పొదలు, గులాబీ రంగు పూలతో పాకే తీగలు ఉన్నాయా? ఉంటే అవే మీ బ్యాంకు ఖాతా. తుపాను వచ్చినప్పుడు కెరటం ఆ దిబ్బను కోసి ఇసుకను తీసుకుంటుంది, తర్వాతి నెలల్లో కొంత తిరిగి ఇస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఒడ్డుకు ఏమైందో మీ ఊళ్లో పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. దిబ్బను చదును చేసి గుడారాలు వేస్తే, రెండేళ్లకు గుడారాలను కాపాడటానికి రాళ్ల గోడ కావాలంటారు, గోడ కడితే దాని ముందున్న ఇసుక కొట్టుకుపోతుంది, ఆ తర్వాత తాబేలుకూ చోటు ఉండదు, మీ పెద్దవలకూ చోటు ఉండదు.

చట్టం మీ పక్షాన ఎంత ఉందో చూసుకోండి. 2019 నాటి సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి) నోటిఫికేషను తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను, ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో చేర్చింది. మీ ఒడ్డును తీర మండల నిర్వహణ పటంలో అలా గుర్తించారో లేదో కలెక్టరు కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకోండి. గుర్తించకపోతే, పెద్దల సంతకాలతో, గూళ్ల ఫొటోలతో అర్జీ పెట్టండి. తాత్కాలిక పర్యాటక సదుపాయాలైనా పోటు గీతకు, అంటే పోటు నీరు చేరే పై హద్దుకు, కనీసం 10 మీటర్లు వెనక్కి ఉండాలి. రిసార్టులకైతే రెండింటి మధ్య ప్రజలు ఒడ్డుకు వెళ్లడానికి కనీసం 20 మీటర్ల ఖాళీ వదలాలి, దిబ్బలను చదును చేయకూడదు, పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల భూగర్భ జలం తోడకూడదు. ఈ చివరిది మరవకండి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. వంద గుడారాలకు స్నానాల నీరు ఒకే బోరుతో లాగితే మీ ఊరి బావులు ఉప్పబారిపోతాయి.

నేను పెట్టే కొలత మోటుది: నలుగురు మనుషులు ఎత్తి పక్కన పెట్టలేని వస్తువేదీ ఒడ్డు మీద ఉండకూడదు. సిమెంటు దిమ్మె వేస్తామంటే అక్కడే ఆపండి. మరుగుదొడ్ల నీటిని ఇసుకలో ఇంకుడు గుంట తవ్వి వదులుతామంటే ఒప్పుకోవద్దు. అది గెడ్డలోకి (వాగులోకి), గెడ్డ నుంచి సముద్రంలోకి చేరుతుంది. ట్యాంకరులో బయటికి తీసుకుపోవాలి, ఎక్కడికి తీసుకుపోతున్నారో రసీదు చూపించాలి.

నీటి ఆటల నిర్వాహకుడు:

ఇక్కడ నాలాంటివాడు ఒక్కడైనా మాట్లాడాలి కనుక రాస్తున్నాను. పదేళ్లుగా ఈ తీరంలో బోట్లు నడుపుతున్నాను, నా దగ్గర పనిచేసేవారందరూ జాలరి కుటుంబాల పిల్లలే.

జనవరి నుంచి మార్చి వరకు ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లలో ఎక్కువ వాటిని చంపినది పర్యాటకులు కారు. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలలో తాబేలు తప్పించుకునే అమరిక సరిగా వాడటం లేదన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యలను తీసుకోవడం లేదు. చెరువు రొయ్యల సంగతి వేరు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదన్న నిబంధన ఎంతవరకు అమలవుతోందో మీ ఊరివాళ్లకే బాగా తెలుసు. ఈ బరువంతా తెచ్చి నాలుగు గుడారాల మీద పెట్టడం న్యాయం కాదు.

అయినా, మూసివేతకు నేను వ్యతిరేకిని కాను. థాయిలాండ్‌లోని మాయా బే అనే చిన్న అఖాతాన్ని, రోజుకు వేలాది మంది దిగి పగడపు దిబ్బలను పాడుచేశాక, 2018 జూన్‌లో మూసి 2022 జనవరిలో గానీ తెరవలేదు. ఇప్పుడు పడవలు అఖాతంలోకి రాకుండా దీవి వెనుక ఆగుతాయి, ఏటా రెండు నెలలు పూర్తిగా మూసివేస్తారు. అక్కడి పడవలవాళ్లు ఆ రెండు నెలలకు తగ్గట్టు ఏర్పాట్లు చేసుకుంటారు. మాకు నష్టం మూసివేత వల్ల కంటే ఎక్కువగా, ఎప్పుడు మూస్తారో తెలియకపోవడం వల్ల వస్తుంది. వేట నిషేధానికి తేదీలు ఉన్నట్టే రాత్రి విహారానికీ తేదీలు ముందే ప్రకటించండి, ఒప్పుకుంటాం. పగటి బోట్లకు ఒకే దారి గుర్తించి, ఆ దారిలోనే నెమ్మదిగా లోపలికి పోవాలని రాయండి. గుడ్ల కాలంలో తల్లి తాబేళ్లు ఒడ్డుకు దగ్గరలోనే తేలుతూ ఉంటాయి, వేగంగా పోయే బోటు పంకా తగిలితే చిప్ప పగిలిపోతుంది. ఇది నా కళ్లతో చూశాను కనుకనే చెబుతున్నాను.

ఎండు నెత్తళ్లు:

అన్నగారూ, మీరందరూ తాబేలుకు చోటు, ఇసుకకు చోటు, బోటుకు చోటు గురించి రాశారు. నెత్తళ్లు, కవళ్లు ఎక్కడ ఎండబెట్టాలో ఒక్కరూ రాయలేదు. మా ఊళ్లో ఇలాగే ఒక రిసార్టు వచ్చింది. మొదటి ఏడాది ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఏడాది అతిథులకు వాసన వస్తోందని, చేపలు ఎండబెట్టుకునే చోటు మార్చుకోమన్నారు. మూడో ఏడాది అక్కడికి వెళ్లడానికి దారి లేకుండా పోయింది. వేటకు వెళ్లే మగవాళ్ల పేరున బోటు కాగితాలు ఉంటాయి. ఎండబెట్టే ఇసుకకు మా ఆడవాళ్ల పేరున ఏ కాగితమూ ఉండదు, కాబట్టి పోయినట్టు కూడా ఎవరూ రాసుకోరు. మీ కాగితంలో ఆ చోటును కొలిచి, హద్దులు రాసి, ఊరి ఆడవాళ్ల చేత కూడా సంతకాలు పెట్టించండి. ఉద్యోగాలు యువకులకు అన్నారు, యువతులకు ఎన్ని అని కూడా అడగండి.

తీరవాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం రామాలయం దగ్గర కూర్చుని మీ జవాబులన్నీ చదివి వినిపించాను. నా తేదీలు తప్పని ఒప్పుకున్నాను. డిసెంబరు 20 నుంచి మే 31 వరకు సాయంత్రం ఏడు తర్వాత ఒడ్డున కార్యక్రమాలు, సముద్రం వైపు దీపాలు ఉండకూడదన్నది మొదటి షరతుగా రాశాం. దిబ్బలు ముట్టుకోకూడదు, బోరు వేయకూడదు, సిమెంటు పోయకూడదు అన్నవి తర్వాత వచ్చాయి. బోట్ల దారి పెద్దవల లాగే చోటికి ఉత్తరాన ఉండాలని వలవాళ్లే నిర్ణయించారు. చేపలు ఎండబెట్టే చోటు దగ్గర మాత్రం పెద్ద వాదనే జరిగింది. అది ఊరి ఉమ్మడి చోటే కదా, కొలవడమెందుకని ఇద్దరు పెద్దలు అన్నారు. వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లే లేచి టేపు తెమ్మన్నారు. ఈ పొద్దున్నే కొలిచాం.

చిక్కు మరోచోట వచ్చింది. కంపెనీ దీపాలు ఆర్పమంటున్నావు, మన దీపాల మాటేమిటి అని ఒక ముసలాయన అడిగారు. మూడేళ్లు అధికారుల చుట్టూ తిరిగి మేమే వేయించుకున్న ఎత్తయిన స్తంభపు దీపం మా బోట్లు ఆపే చోటే ఉంది. తెల్లవారుజామున రెండు గంటలకు వేటకు దిగేవాళ్లకు అది లేకపోతే కాళ్ల కింద ఏముందో కనిపించదు. దాన్ని ఆర్పమని వాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు, ఆర్పకుండా సంస్థను అడిగే ముఖమూ లేదు.

గూళ్ల కాపరి:

ఆర్పనక్కర్లేదు. అటువంటి స్తంభం మీద చుట్టూ ఆరో ఎనిమిదో దీపాలు ఉంటాయి, వాటిలో సముద్రం వైపు తిరిగినవి రెండో మూడో మాత్రమే. ఆ కాలానికి వాటిని విప్పేయించి, మిగిలినవాటికి పైనా పక్కలా రేకు తొడుగులు వేయించి వెలుతురు నేరుగా కిందికి పడేలా చేయమని అడగండి. తెల్లటి బల్బులకు బదులు పసుపు, నారింజ రంగువి పెడితే పిల్లలు కొంత తక్కువగా మోసపోతాయి. పూర్తిగా మోసపోకుండా ఉండవు. వేటకు దిగేవాళ్లకు రెండు గంటల వేళ అదనపు వెలుతురు కావాలంటే ఒక దీపానికి విడిగా స్విచ్చి పెట్టించి, బోట్లు నీళ్లలోకి దిగగానే ఆపేయవచ్చు. స్తంభానికీ ఇసుకకూ మధ్య సరుగుడు మొక్కలు నాలుగు వరుసలు వేస్తే మూడేళ్లలో అడ్డుగోడలా పెరుగుతాయి, అయితే దిబ్బ వెనుక వేయండి, గుడ్లు పెట్టే ఇసుకలో వేయవద్దు.

ఈ పని డిసెంబరు 20 లోపు కావాలి. దీపాలు తిప్పించిన రాత్రి మీరు, ఆ ముసలాయన కలిసి నీటి అంచుకు వెళ్లి, ఇసుక మీద బోర్లా పడుకుని, జానెడు ఎత్తు నుంచి ఊరి వైపు చూడండి. ఏ బల్బు అయినా నేరుగా కంట్లో పడితే దాన్ని ఇంకాస్త తిప్పించాలి.